కదలని రోగి వింటున్నాడు: కట్లపాము కాటు కేసులో రోగికీ, నర్సులకూ ఇచ్చిన ఆసరా

నేపథ్యం

నేను కోస్తా డెల్టాలోని ఒక జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీయూ నర్సింగ్ బాధ్యతలు చూస్తాను. ఈ కేసు రాస్తున్నది వైద్యం అరుదైనదని కాదు. కట్లపాము కాటుకు వెంటిలేటర్ పెట్టడం మాకు ప్రతి వానాకాలంలోనూ ఉండే పనే. కదలలేని, పలకలేని రోగికి ధైర్యం చెప్పాలంటే ముందు అతని మంచం పక్కన నిలబడే నర్సుకు ధైర్యం ఉండాలి. ఆ సంగతి ఇంత స్పష్టంగా కనిపించిన కేసు నాకు మరొకటి లేదు. రోగి, కుటుంబం, సిబ్బంది ఎవరో తెలియకుండా వయసు, బంధుత్వాలు, కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి రోగి, అతని భార్య, సంబంధిత నర్సు ఒప్పుకున్నారు.

మా వైపు నాట్లు మొదలైన దగ్గర నుంచి కోతల దాకా పాము కాటు కేసులు వస్తూనే ఉంటాయి. రక్తపింజర కరిస్తే వాపు, రక్తస్రావం. నాగుపాము కరిస్తే నొప్పి, వాపు, ఆ తర్వాత నరాల బలహీనత. కట్లపాము తీరు వేరు. రాత్రిపూట, ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు చాలాసార్లు కంటికి కనిపించదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది పాము కాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము కాటు రోగి ఊపిరి ఆగిపోకముందే ఆసుపత్రికి చేరి, వెంటిలేటర్ దొరికితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అందుకే వెంటిలేటర్ మీద గడిచే ఆ రోజుల్లో ఏం జరుగుతుందన్నది నాకు అంత ముఖ్యం.

ఐసీయూలో ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మా దగ్గర రాత్రి డ్యూటీలో ఒక నర్సు నలుగురిని చూసుకున్న సందర్భాలే ఎక్కువ. ఈ కేసును అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క వాస్తవం గుర్తుంచుకోవాలి.

రోగి వచ్చిన తీరు

ముప్పై దాటిన కౌలు రైతు. వసారాలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపాడు. పొద్దెక్కేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకోనివ్వండి అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికి రావడం చూసి భార్య భయపడి 108కు ఫోన్ చేసింది. క్యాజువాలిటీకి చేరేసరికి మెడ నిలబడడం లేదు.

ఒంటి మీద ఎక్కడా గాటు లేదు. 20 నిమిషాల పరీక్షలో రక్తం మామూలుగానే గడ్డకట్టింది. నేల మీద పడక, తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిన రెప్పలు, వాపు లేకపోవడం. ఇవన్నీ కలిసినప్పుడు గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా కట్లపాము కాటుగానే చూసి వైద్యం మొదలుపెట్టాలి. డ్యూటీ డాక్టరు గారు అదే చేశారు. 10 వయల్స్ విరుగుడు మందు సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాం. కండరాలకు బలం తెచ్చే నియోస్టిగ్మిన్, దాని దుష్ప్రభావాలను ఆపే అట్రోపిన్ ఇచ్చి చూశారు, రెప్పలు లేవలేదు. నాగుపాము విషం కండరం వైపున అడ్డుపడుతుంది కాబట్టి అక్కడ ఆ మందు బాగా పనిచేస్తుంది. కట్లపాము విషం ప్రధానంగా నరం కొసనే దెబ్బతీస్తుంది. ఆ కొస మళ్లీ బాగుపడేదాకా ఏ ఇంజెక్షనూ కండరాన్ని కదిలించలేదు.

మరో 10 వయల్స్ ఇచ్చి, మొత్తం 20 దగ్గర ఆపాలని మత్తు డాక్టరు గారు నిర్ణయించారు. ఇంకా ఎక్కించాలని బంధువులు ఒత్తిడి చేశారు. రక్తంలో తిరిగే విషాన్ని మాత్రమే ఆ మందు పట్టుకోగలదు, అప్పటికే దెబ్బతిన్న నరాన్ని బాగుచేయలేదు, అలర్జీ ప్రమాదం మాత్రం ప్రతి వయల్‌తోనూ ఉంటుంది. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. ఇక మిగిలింది నరాలు కోలుకునేదాకా ఊపిరి, చర్మం, కళ్లు, మనసు కాపాడుతూ ఆగడం.

అసలు సమస్య

రెండో రోజు సాయంత్రానికి అతని ఒంట్లో కదలిక అన్నది లేదు. కంటిపాపలు పెద్దవై, టార్చి వేసినా స్పందించడం లేదు. గొట్టంలోంచి కఫం లాగినా (సక్షన్) దగ్గు లేదు. చూసినవాళ్లెవరైనా మెదడు పోయిందనే అనుకుంటారు. బంధువులు కేస్ షీటు ఫొటోలు తీసి బయట ఎవరికో చూపించారు. అక్కడి నుంచి "బ్రెయిన్ డెడ్" అన్న మాట వచ్చింది. ఆ మాట మంచం పక్కకు చేరడానికి పూట కూడా పట్టలేదు.

ఇక్కడ వైద్యపరంగా ఒక గట్టి నియమం ఉంది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు కాండం (బ్రెయిన్ స్టెమ్) మరణాన్ని నలుగురు వైద్యుల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ పరీక్షలు మొదలుపెట్టే ముందే కండరాలను స్తంభింపజేసే కారణం ఏదీ లేదని తేల్చుకోవాలి. కట్లపాము విషం సరిగ్గా అలాంటి కారణమే. కంటిపాప స్పందించకపోవడం, దగ్గు రాకపోవడం ఈ రోగిలో కండరాలు పనిచేయడం లేదని మాత్రమే చెబుతాయి, మెదడు గురించి ఏమీ చెప్పవు. మత్తు డాక్టరు గారు ఈ విషయం కేస్ షీటు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు.

రాసినంత మాత్రాన మంచం పక్కన మాటలు ఆగలేదు. చచ్చినవాడికి గాలి కొడుతున్నారని ఒక బంధువు, తీసుకెళ్లి మంత్రం వేయిద్దామని మరొకరు. మా సిబ్బందిలో కూడా, ఈ మంచం ఖాళీ అయితే క్యాజువాలిటీలో చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు మీద ఉన్న మరో రోగికి వెంటిలేటర్ ఇవ్వొచ్చు కదా అన్న మాట వచ్చింది. అది క్రూరత్వంతో అన్న మాట కాదు. అవతల ఒక హౌస్ సర్జన్ గంటలుగా చేత్తో బ్యాగు నొక్కుతూ నిలబడి ఉన్నాడు. కానీ ఆ మాట అన్నది రోగి తలకు రెండు అడుగుల దూరంలో.

ఆ రాత్రి ఇంకో సంఘటన జరిగింది. ఒంటరిగా డ్యూటీలో ఉన్న కాంట్రాక్టు నర్సు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి, బంధువులను బయట ఉండమని అడిగింది. ఒకతను బూతులు తిట్టి, భుజం పట్టి తోశాడు. ట్రాలీ తగిలి చేతికి గాయమైంది. ఆమె ఏడవలేదు, ఎవరికీ చెప్పలేదు, డ్యూటీ పూర్తి చేసింది. ఉదయం చార్టు చూస్తే ఆ మంచం దగ్గర తెల్లవారుజామున చేయాల్సిన సక్షన్ బాగా ఆలస్యమై ఉంది. అప్పుడు ఆరా తీస్తే విషయం బయటపడింది.

అంటే మా ముందు ఒకటి కాదు, రెండు సమస్యలు. రోగి దగ్గరికి వెళ్లాలంటే నర్సులకు భయం. ఆ భయం వల్ల రోగికి అందాల్సిన పనులు వెనకబడుతున్నాయి. ఈ రెంటినీ విడదీసి చూస్తే ఏదీ తేలదనిపించింది.

ముందు చేసినవి, ఎందుకు నిలవలేదు

మొదట వరండాలో బంధువులందరినీ పోగుచేసి వివరించారు. పదిహేను మంది గుంపులో ప్రతివారూ తమకు వినిపించిన ముక్క పట్టుకుని వెళ్లారు. మెదడు బాగానే ఉంది అన్న మాట కొందరికి రేపే లేస్తాడన్నట్టు, మరికొందరికి ఏదో దాస్తున్నారన్నట్టు వినిపించింది. తోపులాట తర్వాత తలుపు దగ్గర సెక్యూరిటీని పెట్టారు. అవసరమైన చర్యే. అయితే గార్డు ఎవరు ఎవరో తెలియక భార్యను కూడా ఆపాడు. ఇంట్లో అందరికంటే ప్రశాంతంగా ఉన్న మనిషిని బయట కూర్చోబెట్టి, లోపల ఏం జరుగుతోందో అన్న అనుమానాన్ని పెంచినట్టయింది.

రోగి దగ్గర అనవసరమైన మాటలు మాట్లాడరాదని ఒక సర్క్యులర్ వచ్చింది. దాని ఫలితం ఎవరూ ఊహించనిది. నర్సులు మాట్లాడడమే మానేశారు. మౌనంగా వచ్చి, సక్షన్ చేసి, పక్కకు తిప్పి, వెళ్లిపోతున్నారు. కళ్లు తెరవలేని మనిషికి, చెప్పకుండా గొంతులోకి దిగే గొట్టం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏం మాట్లాడకూడదో చెప్పిన కాగితం, ఏం మాట్లాడాలో చెప్పలేదు. నా అనుభవంలో సిబ్బందిని సరిదిద్దే ఆదేశాలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి.

దారి దొరికిన చోటు

మూడో రోజు మానిటర్ ట్రెండ్ వెనక్కి తిప్పి చూస్తే ఒక తీరు కనిపించింది. నిమిషానికి 90 దగ్గర నడుస్తున్న నాడి కొన్ని సమయాల్లో 130 దాటింది. జ్వరం లేదు, రక్తపోటు పడలేదు, ఆక్సిజన్ తగ్గలేదు. సమయాలు సరిపోల్చితే కొన్ని సక్షన్ చేసిన వేళలు. మరికొన్ని బంధువులు మంచం చుట్టూ గొడవపడిన వేళలు. మధ్యాహ్నం భార్య లోపలికి వచ్చి పిల్లల సంగతి చెప్పినప్పుడు నాడి నెమ్మదిగా తగ్గింది, కంటి కొసన నీళ్లు జారాయి. కళ్లలో నీళ్లు మూతపడని రెప్పల వల్ల కూడా రావచ్చు. అందుకే దాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోలేదు. నాడి, సమయాలు, కన్నీళ్లు, పాము విషం స్వభావం అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. వింటున్నాడని అనుకునే పనిచేయాలని నిర్ణయించాం. ఒకవేళ వినకపోతే మనకు పోయేది నాలుగు మాటలు. వింటూ ఉంటే, వినడం లేదనుకోవడం వల్ల అతనికి కలిగే బాధకు కొలత లేదు.

మత్తు డాక్టరు గారు అతని రెండు బొటనవేళ్ల మీద గుడ్డ తీసి, కదిలించమని చెప్పి, ఓపికగా ఆగారు. పూర్తిగా పడిపోయినట్టు కనిపించే రోగిలో కూడా ఒక్కోసారి ఎక్కడో ఒక కండరం మిగిలి ఉంటుంది. ఆ రోజు ఏమీ కనిపించలేదు. మర్నాడు సాయంత్రం ఎడమ కాలి బొటనవేలు కదిలీ కదలనట్టు కదిలింది. మళ్లీ అడిగితే మళ్లీ కదిలింది. ఔను అనడానికి ఒకసారి అని అతనికి చెప్పాం. నొప్పి ఉందా అని అడిగితే వేలు కదిలింది.

ఆ ఒక్క జవాబుతో వైద్యం కూడా మారింది. అప్పటిదాకా నిద్రమందు ఇవ్వాలా వద్దా అన్నది తేలలేదు. మందు ఇస్తే నరాల పరీక్ష అయోమయమవుతుందన్న సంకోచం ఉండేది. స్పృహ ఉందని తేలాక, పగలు నొప్పికి తక్కువ మోతాదు, రాత్రి నిద్రకు కొద్దిగా, ఉదయం పరీక్షకు ముందే దాని ప్రభావం తగ్గేలా ఏర్పాటు చేశారు. కళ్లకు ఆయింట్‌మెంట్ రాసి టేపు వేస్తున్నాం కదా. ఎవరైనా ముఖ్యమైన మనిషి వచ్చినప్పుడు టేపు తీసి, వేలితో రెప్ప ఎత్తి పట్టుకోవడం మొదలుపెట్టాం. పాపలు విచ్చుకుని ఉండడంతో మసకగా కనిపిస్తుంది, అయినా భార్య ముఖాన్ని పోల్చుకున్నాడు.

కుటుంబంతో పద్ధతి మార్చాం. ఎవరు మా మాట విని మిగతావారికి చెబుతారో మీరే తేల్చుకోండి అని వాళ్లకే వదిలాం. భార్య, ఆమె అన్న ముందుకొచ్చారు. రోజుకు రెండు పూటలా, చెప్పిన వేళకు, కుర్చీల్లో కూర్చోబెట్టి, అదే డాక్టరు, అదే నర్సు మాట్లాడారు. చెప్పడానికి కొత్త సంగతి లేని రోజున కూడా ఆ వేళ తప్పలేదు. కొత్తది ఏమీ లేదు, ఉండాల్సినట్టే ఉంది అని చెప్పడం కూడా సమాచారమే. బొటనవేలు కదలడం అన్నగారు కళ్లారా చూశాక, వరండాలో మంత్రం మాట మళ్లీ రాలేదు. వేలు కదిలించమని అడిగేటప్పుడు వాళ్లలో ఒకరు పక్కన ఉండేలా చూడడం నా పట్టుదల. మేము చెప్పిన వంద మాటల కంటే ఆ చిన్న కదలిక వాళ్లకు నమ్మకం ఇచ్చింది.

నర్సుల వైపు

దెబ్బ తిన్న అమ్మాయిని ఓపీకి మార్చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. తోసినవాడు అక్కడే తిరుగుతూ, తోపు తిన్న మనిషి చోటు మారితే మిగతా నర్సులందరికీ అర్థమయ్యేది ఒకటే. నోరు తెరిస్తే మనకే బదిలీ. అలాగని మర్నాడే ఆ మంచం దగ్గరికి పంపడమూ న్యాయం కాదు. నువ్వు ఏం కోరుకుంటున్నావని ఆమెనే అడిగాం. కొన్ని రోజులు పగటి డ్యూటీ, పక్కన ఒక సీనియర్, ఆ మంచం బాధ్యత తనకు సిద్ధమనిపించినప్పుడు. ఆమె కోరింది ఇంతే.

ఫిర్యాదు ఆమె పేరు మీద ఒంటరిగా పోలీసు స్టేషన్‌కు వెళ్లకుండా, ఆసుపత్రి తరఫున పాలనా బాధ్యతలు చూసే డాక్టరు, ఆర్‌ఎంఓ గారు ఇచ్చారు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి 3 సంవత్సరాల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా అని మన రాష్ట్రంలో 2008 నుంచి చట్టం ఉంది. దాని బోర్డు చాలా ఆసుపత్రుల గోడల మీద కనిపిస్తుంది. బోర్డు ఉండడం వేరు, ఇరవై నాలుగేళ్ల కాంట్రాక్టు ఉద్యోగికి దాన్ని వాడుకునే ధైర్యం ఉండడం వేరు. ఆ ధైర్యం ఆమె దగ్గర ఉండాలని ఆశించడం తప్పు, సంస్థే ముందు నిలబడాలి.

రాత్రి ఆ మంచం దగ్గర ప్రతి పనికీ ఇద్దరు వెళ్లాలని పెట్టాం. కొత్తగా మనిషిని ఇవ్వలేదు, పక్క వార్డు నర్సుతో వేళలు సర్దుకున్నాం. షిఫ్టు మారేటప్పుడు కాసేపు కూర్చుని మాట్లాడుకునే అలవాటు చేశాం. తప్పులు ఎంచే సమావేశం కాదని మొదటే చెప్పాం. ఆయాలను, మగ సహాయకులైన ఎంఎన్‌ఓలను కూడా కూర్చోబెట్టాలన్నాను. కొందరికి అది నచ్చలేదు, కానీ రోగి ఒంటి మీద ఎక్కువసేపు చేయి ఉండేది వాళ్లదే.

అక్కడే ఒక పెద్దావిడ, మా ఆయా, మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. తను మొదటి రోజు నుంచీ అతనితో మాట్లాడుతూనే ఉందట. "బాబూ, ఇప్పుడు ఎడమ పక్కకు తిప్పుతున్నాం, భయపడకు, అయిపోయింది" అని. ఎవరు చెప్పారు అని అడిగితే, ఎవరు చెప్పాలమ్మా, మనిషే కదా అంది. సర్క్యులర్ ఇవ్వలేని సమాధానం ఆమె దగ్గర ఉంది. ఆమె మాటల వరసనే నర్సులు కాగితం మీద పెట్టారు. ముట్టుకునే ముందు పేరు చెప్పాలి, ఏ పూటో చెప్పాలి, ఏం చేయబోతున్నామో, ఎంతసేపు ఉంటుందో చెప్పాలి, అయ్యాక అయిపోయిందని చెప్పాలి. కాగితాన్ని మంచం తల దగ్గర అంటించారు. తమ మాటలతో తాము రాసుకున్నది కాబట్టి అది నిలబడింది. సక్షన్ సమయంలో నాడి ఇదివరకంత పెరగడం లేదని చార్టులో కనిపించేసరికి, నర్సులకు తమ మాటకు ఫలితం కంటి ముందే దొరికింది. అలసిన మనిషికి ఇలాంటి ఫలితం కంటే పెద్ద బలం లేదు.

అయిదో రోజు ఆ అమ్మాయి తనంతట తానే ఆ మంచం తీసుకుంది. మొదట తన పేరు చెప్పి, పూట చెప్పి, పని మొదలుపెట్టింది.

కోలుకోవడం

ఆరో రోజు వేళ్లు, ఏడో రోజు మోచేతులు. గొంతుకు కోత పెట్టి గొట్టం వేయాలా అన్న చర్చ వచ్చింది. కదలిక రోజురోజుకూ పెరుగుతోంది కాబట్టి ఆగడమే మేలని డాక్టర్లు నిర్ణయించారు. తొమ్మిదో రోజు తల దిండు మీద నుంచి ఎత్తి, అయిదు సెకన్లు నిలపగలిగాడు. తనంతట తాను ఊపిరి తీసుకునే పరీక్షలో కూడా నిలిచాక గొట్టం తీశారు. రెప్పలు పూర్తిగా లేవడానికి ఇంకా సమయం పట్టింది.

వార్డుకు మారాక, అతనికి ఇష్టమైతేనే, గుర్తున్నవి చెప్పమని అడిగాం. ఎవరు ఏమన్నారని అడగలేదు, ఏది సాయపడింది, ఏది బాధపెట్టింది అని మాత్రమే. పేర్లు అడిగితే అది విచారణ అవుతుంది, నర్సులు మళ్లీ నోరు మూసుకుంటారు. అతను చెప్పినవాటిలో కొన్ని ఇవి. మొదట తనను కట్టేశారనుకున్నాడు. మెదడు పోయిందన్న మాట విన్నాడు, గొట్టం తీసేస్తారని రెండు రాత్రులు భయపడ్డాడు. అన్నిటికంటే భరించలేనిది చెప్పకుండా చేసిన సక్షన్. అలారం మోగి ఎవరూ రాని నిమిషాలు చాలా పొడుగ్గా ఉండేవి. టిఫిన్ బండి చప్పుడును బట్టి తెల్లవారిందని తెలుసుకునేవాడు. ఆయా గొంతు వినగానే గుర్తుపట్టి చేతులు జోడించాడు.

ఈ సంగతులను అతని అనుమతితో షిఫ్టు సమావేశంలో చదివాం. బాధపెట్టినవి, సాయపడినవి కలిపే చదివాం. ఒకరిద్దరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు.

ఇప్పటికి ఉన్న స్థితి

ఇంటికి వెళ్లాక అతనికి నిద్ర సరిగా పట్టలేదు. చీకట్లో ఊపిరి ఆడనట్టు ఉలిక్కిపడి లేచేవాడు. ఐసీయూ నుంచి బయటపడినవాళ్లలో ఇది తరచూ కనిపించేదే. మానసిక వైద్య ఓపీకి పంపాం, రాత్రివేళ అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇచ్చాం. డిశ్చార్జి రోజునే, ఊపిరి సంగతితో పాటు నిద్ర సంగతి కూడా అడిగి, ఈ నంబరు కాగితం మీద రాసి ఇవ్వడం ఇప్పుడు మా పద్ధతిలో భాగం. మంచం, దోమతెర వాడమని చెప్పడం ఎటూ ఉంది. ఆ ఇంట్లో మంచం ఒక్కటే అని తెలిశాక, దోమతెర అంచులు చాప కిందికి మడిచి పడుకునే తీరు భార్యకు చూపించాం.

మంచం తల దగ్గర కాగితం ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగికీ ఉంటుంది. పాము కాటు రోగుల కేస్ షీటు మీద, విషప్రభావం తగ్గేదాకా మెదడు మరణం అన్న మాట వాడరాదని ముద్ర వేస్తాం. రోగిని మరో ఆసుపత్రికి పంపాల్సి వస్తే 108 సిబ్బందికీ అదే చెబుతాం, దారిలో కూడా అతను వింటూనే ఉంటాడు కాబట్టి. రాత్రి నర్సుల సంఖ్య మాత్రం మారలేదు. ఇద్దరు వెళ్లాలన్న నియమం రద్దీ రాత్రుల్లో నిలబడడం లేదు. ఆ సంగతి ప్రతి నెలా లెక్కలతో సహా పైకి రాస్తున్నాం. ఆ అమ్మాయి ఐసీయూలోనే ఉంది. ఎవరైనా గొంతు పెంచితే ఇప్పటికీ చేతులు వణుకుతాయని చెప్పింది. అలాంటప్పుడు పక్క మంచం నర్సు వచ్చి ఆమె పక్కన నిలబడుతుంది.